డ్రాయింగ్ పీరియడ్ తీసేసి డ్రాయింగ్ పరీక్ష పెడితే ఎలాగండీ?

ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలు, కౌన్సెలింగ్‌లు నడిపే అధికారులకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడి చదువులు, ఇంటర్ చదువులు చూసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి 2020లో రిటైరయ్యాను. లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, 42 రోజుల వేసవి టీటీసీ, అంటే టీచర్ శిక్షణ, చేసి ఉద్యోగంలో చేరిన పాత కాలపు మనిషిని. ఈ విషయం మీద ఇంతకుముందు మూడు అర్జీలు పంపాను. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోదానికి "మీ అర్జీ సంబంధిత విభాగానికి పంపబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో నాకు ఇప్పటికీ తెలియలేదు. దానికి కూడా తెలిసినట్టు లేదు. అందుకని అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

దేశంలో ఆర్కిటెక్చర్ కాలేజీలు నాలుగు వందలకు అటూ ఇటూగా ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో ఏటా సీట్లు మిగిలిపోతుంటాయి. పేరున్నవీ, మామూలు కుటుంబం ఫీజు కట్టుకోగలిగినవీ మాత్రం కొన్నే. ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు, అంటే స్పాలు. ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి ఐఐటీలు. తిరుచ్చి, కాలికట్ లాంటి కొన్ని ఎన్ఐటీలు. ముంబయిలో జేజే ఆర్కిటెక్చర్ కాలేజీ. మన దగ్గర హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. ఏటా పదుల వేల మంది పిల్లలు వీటి కోసమే పరీక్షలు రాస్తారు. పోటీ ఉండకూడదని నేను అనను. ఇన్ని వేల మందిలో కొందరిని ఏరాలంటే జల్లెడ పట్టక తప్పదు. ఆ జల్లెడలో ఎవరు మిగులుతున్నారు, ఎవరు జారిపోతున్నారు అన్నదే నా గొడవ.

ముందు ఒక పిల్ల సంగతి చెప్తాను. పేర్లు, కాలేజీలు రాయను. ఒకరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

మా ఊళ్లో ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గరే ఉంటాడు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. ఆయన కూతురు ఆరు, ఏడు తరగతుల్లో నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకుంది. మిగతా పిల్లల్లా రెండు కొండలూ, మధ్యలో సూర్యుడూ, పక్కన కొబ్బరిచెట్టూ వేసేది కాదు. నాన్న సంచిలోంచి మూలమట్టం, రసమట్టం తెచ్చి ముందు పెట్టుకుని వాటిని గీసేది. ఒకసారి వాళ్ల నాన్నమ్మ ఉండే చుట్టిల్లును నిలువునా కోసినట్టు, గోడ మందం ఎంత, అటక ఎక్కడ, పొయ్యి ఎక్కడ అన్నీ కనపడేలా గీసి తెచ్చింది. దాన్ని సెక్షన్ అంటారని ఆ పిల్లకు తెలియదు. నేనూ చెప్పలేదు. పదకొండేళ్ల పిల్లకు దాని పేరుతో పనేముంది?

2025 ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఎంపీసీలో మంచి మార్కులు. కోవా పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఇళ్ల ప్లాన్లు గీసే చదువు ఒకటి ఉందంట కదా, నేను అది చదువుతాను" అంది. జేఈఈ మెయిన్ రాశావా అని అడిగితే రాశానంది. తీరా చూస్తే రాసింది పేపర్-1 ఒక్కటే. బీఆర్క్‌కు, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీకి, పేపర్-2ఏ అని వేరే ఉంటుంది, దరఖాస్తు పెట్టేటప్పుడే దానికి టిక్ పెట్టాలి, దానికి వేరే ఫీజు కట్టాలి. కాలేజీలో అందరి ఫారాలూ ఒకేసారి నింపిన వాళ్లకు ఆ సంగతి తెలియదు. రెండో సెషన్ దరఖాస్తు గడువు ఫిబ్రవరి 25తోనే అయిపోయింది. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మొదలైంది మార్చిలో. అంటే పిల్ల హాల్ టికెట్ పట్టుకుని ఇంటర్ పరీక్షకు వెళ్లకముందే స్పాల దారీ, ఎన్ఐటీల దారీ మూసుకుపోయాయి. ఒక్క గడిలో టిక్కు లేకపోవడం వల్ల.

మిగిలింది నాటా, అంటే ఆర్కిటెక్చర్‌కు విడిగా జరిగే ప్రవేశ పరీక్ష. మా ఇంటి అరుగు మీద మూడు వారాలు కూర్చోబెట్టి నాకు వచ్చింది నేర్పాను. నాకు వచ్చింది ఎంతని? నీడలు, పర్‌స్పెక్టివ్, రంగులు కలపడం. పరీక్షలో డ్రాయింగ్ భాగానికి 90 నిమిషాలు, మూడు ప్రశ్నలు. రంగులతో ఒక కంపోజిషన్, నలుపు తెలుపుల్లో ఒక స్కెచ్, వాళ్లిచ్చిన కిట్‌తో చేతులతో చేసే ఒక త్రీడీ నమూనా. తిరిగొచ్చాక పిల్ల చెప్పిన మొదటి మాట: "కిట్టు విప్పి ఏది ఎందుకో చూసుకునేసరికే టైమ్ అయిపోయింది మాస్టారూ." పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి ఏడాదిగా కోచింగ్‌లో అలాంటి నమూనాలు వారానికి రెండు చేసిందట. ఆ అమ్మాయిని తప్పు పట్టను. కష్టపడింది, మార్కులు తెచ్చుకుంటుంది.

మా పిల్లకు డ్రాయింగ్‌లో 80కి ముప్పై చిల్లర వచ్చాయి. ఆ మార్కులకు ప్రైవేటు కాలేజీలో అయితే సీటు వస్తుంది. ఫీజు విన్నాక మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయిదేళ్లంట కదా మాస్టారండీ. ఇంజినీరింగయితే నాలుగేళ్లకే అయిపోద్ది" అన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల సివిల్ ఇంజినీరింగ్ చదువుతోంది. చెడ్డ చదువేం కాదు. కానీ తను కోరుకున్నది కాదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. రేపు ఎన్ని ఇళ్లు కట్టించినా ఆ మాట తన పేరు పక్కన రాదు.

ఇది ఒక్క ఇంటి కథ అయితే నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేసేవాణ్ణి కాదు. అసలు ఇబ్బందులు ఇవీ.

1. విషయం తెలియకపోవడం. ఈఏపీసెట్ అంటే మా ఊళ్లో పాలు పోసే ఆయనకు కూడా తెలుసు. బీఆర్క్‌కు ఈఏపీసెట్‌తో సంబంధం లేదని, నాటా గానీ జేఈఈ పేపర్-2ఏ గానీ రాయాలని ఎంపీసీ చెప్పే లెక్చరర్లలోనే చాలామందికి తెలియదు. ఐఐటీలకు ఇంకో మెలిక ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వచ్చిన రోజునో మర్నాడో ఏఏటీకి, అంటే ఐఐటీల ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్‌కు, రిజిస్టర్ చేసుకోవాలి. 2025లో జూన్ 2న ఫలితాలు, జూన్ 3తో రిజిస్ట్రేషన్ బంద్, జూన్ 5న పరీక్ష. నెట్ సిగ్నల్ కోసం మేడ ఎక్కే ఊళ్లో రెండు రోజులు ఎంతసేపు? మేస్త్రీ కూతురు ఫోన్‌లో స్పా అని కొడితే ముందు మసాజ్ సెంటర్లు వచ్చాయట. నవ్వు వచ్చింది గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను.

2. బడిలో డ్రాయింగ్ లేకపోవడం. నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సింది ఇదే. నేను రిటైరయ్యాక మా బడిలో నా పోస్టు నింపలేదు. అక్కడక్కడ సమగ్ర శిక్ష కింద పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. పాపం, చాలీచాలని జీతానికి పనిచేస్తున్నారు. వాళ్ల పీరియడ్‌ను పదో తరగతి లెక్కల స్పెషల్ క్లాసుకు ఎత్తేసుకుంటారు. నా సర్వీసులో కూడా అదే జరిగింది, మార్చి నెల వచ్చిందంటే నాకు పనే ఉండేది కాదు. ఇక ఇంటర్‌లో అయితే, హాస్టళ్లతో నడిచే పెద్ద కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్ప ఇంకో మాట వినపడదు. అక్కడ పెన్సిల్ పట్టుకుని బొమ్మ వేసే పిల్లాణ్ణి టైమ్ వేస్ట్ చేస్తున్నావని తిడతారు. అలా ఏడెనిమిదేళ్లు పెన్సిల్ ముట్టనివ్వని పిల్లల్ని తీసుకొచ్చి, జేఈఈ పేపర్-2ఏలో 400కి 100 మార్కులు, నాటాలో 200కి 80 మార్కులు డ్రాయింగ్‌కు పెట్టాం, వేయండి అంటున్నారు. డ్రాయింగ్ పరీక్ష ఉండటం సరైనదే. అది ఉండాలని మొదట కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నేర్పే ఏర్పాటు ఏదీ అని అడుగుతున్నాను.

3. పద్ధతి మారిపోతూ ఉండటం. నాటా 2006లో మొదలైంది. 2021 నుంచి 2023 దాకా అందులో చేత్తో గీసే డ్రాయింగ్ లేదు, అన్నీ కంప్యూటర్ మీద ప్రశ్నలే. 2024లో డ్రాయింగ్ మళ్లీ వచ్చింది, రెండో భాగం అడాప్టివ్ పరీక్ష అయింది, అంటే ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. మార్పులకు కారణాలు ఉండొచ్చు, మంచివే కావచ్చు. కానీ ప్రతి మార్పూ కోచింగ్ సెంటర్‌కు కొత్త బ్యాచ్, కొత్త ఫీజు. సెంటర్ వాళ్లు వారంలో మెటీరియల్ మార్చేస్తారు. పల్లెలో ఉన్న పిల్ల అక్క వాడిన పాత పుస్తకం పట్టుకుని చదువుతుంది. ఆ పుస్తకంలో లేని పరీక్ష రాస్తుంది.

4. భాష. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో జరుగుతోంది. నాటా తెలుగులో లేదు. అందులో కంప్యూటర్ మీద రాసే భాగంలో ఒక్కో ప్రశ్నకు 108 సెకన్లు. టెక్స్చర్, ప్రొపోర్షన్, సిమెట్రీ అన్న మాటల్ని ఇంగ్లిష్‌లో చదివి, మనసులో తెలుగులోకి తెచ్చుకుని, మళ్లీ బొమ్మలో వెతకాలంటే ఆ సెకన్లలో సగం అక్కడే పోతాయి. అడ్డగోడ ఎక్కడుందో, దూలం ఎక్కడ ఆనుతుందో మా పిల్లలకు తెలుసు. ఆ మాటలతో అడిగితే.

5. దిద్దిన షీట్. జేఈఈలో కంప్యూటర్ ప్రశ్నలకు కీ ఉంటుంది, అభ్యంతరం చెప్పే వీలుంటుంది. బొమ్మకు కీ ఉండదు. అది నాకూ తెలుసు, నేనూ వేల బొమ్మలకు మార్కులు వేసినవాణ్ణే. ఒకే బొమ్మకు ఇద్దరు మాస్టార్లు ఒకే మార్కు వేయరు. అందుకే పిల్లకు తన షీట్ కాపీ, ఏ అంశానికి ఎన్ని మార్కులో రాసిన ఒక చిన్న పట్టిక ఇస్తే, వచ్చే అటెంప్ట్‌కు ఏది దిద్దుకోవాలో తెలుస్తుంది. ఇప్పుడు ముప్పై చిల్లర అని అంకె ఒక్కటే చేతికి వస్తోంది.

6. డబ్బు. 2025లో నాటా ఒక్క అటెంప్ట్‌కు జనరల్ వాళ్లకు 1,750 రూపాయలు. ఆ ఏడాది మూడుసార్లు రాయనిచ్చారు, ఎక్కువ వచ్చిన స్కోరే తీసుకున్నారు. అంటే 5,250 కట్టగలిగిన పిల్లకు మూడు అవకాశాలు, ఒక్కసారే కట్టగలిగిన పిల్లకు ఒక్కటే. దీనికి ప్రయాణం, లాడ్జి, తోడు వచ్చిన తండ్రికి పోయిన రెండు రోజుల కూలి కలపండి.

7. ఐఐటీల ఏఏటీ గురించి ఒక మాట. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత వస్తేనే అది రాయాలి. అందులో పాసా కాదా అంతే, ర్యాంకు ఉండదు. సీటు అడ్వాన్స్‌డ్ ర్యాంకును బట్టి. అంటే అద్భుతంగా గీసినవాడికీ, గట్టెక్కినంత గీసినవాడికీ తేడా లేదు, కెమిస్ట్రీ బాగా వచ్చినవాడు ముందుకు పోతాడు. ఇది మీరే ఆలోచించాలి, నాకు చెప్పేంత చదువు లేదు.

విజయవాడ స్పా గురించి కూడా అడిగేవాళ్లున్నారు. 2008లో మన గడ్డ మీదే పెట్టారు, 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఉంటాయి, స్పాలలో అన్నీ ఆలిండియా సీట్లే. మనవాళ్లకు కోటా ఇవ్వాలని కొందరంటారు. నేను ఆ పంచాయితీలోకి పోను. దేశం నలుమూలల నుంచి పిల్లలు రావడం ఆ చదువుకు మంచిదే అనుకుంటాను. కానీ ఆ కాలేజీ ఊళ్లోనే ఉన్నా, చుట్టుపక్కల జెడ్పీ హైస్కూల్ పిల్లల్లో ఎంతమంది ఒక్కసారైనా ఆ గేటు లోపలికి వెళ్లి డ్రాయింగ్ బల్లలు చూశారు?

దీనివల్ల నష్టం సీటు రాని పిల్లలకే అనుకోవద్దు. ప్రభుత్వ కాలనీ ఇళ్లకు, హాస్టళ్లకు ఒకటే టైప్ డిజైన్ వస్తుంది. పాడేరు చలికీ అదే, ఒంగోలు ఎండకూ అదే. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మా వైపు అలాంటి ఇంట్లో కాసేపు కూర్చుని చూడండి. ఆడవాళ్లు వంటగది వదిలి వేపచెట్టు కిందికి పొయ్యి తెచ్చుకుంటారు. కిటికీ ఎటు పెట్టాలో వాళ్లను ఎవరూ అడగలేదు. తుఫాను గాలి చుట్టిల్లు చుట్టూ ఎందుకు జారిపోతుందో, మండువా లోగిలిలో నడిమి వాకిలి మీద పడిన వాన ఎటు పోతుందో చిన్నప్పటి నుంచి చూసి పెరిగిన పిల్లలు ఆ కాగితాలు గీసే బల్ల దగ్గరికి చేరడం లేదు. చేరేది ఎక్కువగా నగరాల్లో పెరిగి, కోచింగ్ తీసుకున్న పిల్లలు. వాళ్లు తెలివైనవాళ్లే. వాళ్లకు తెలియని ఇళ్లు ఉన్నాయి, అంతే.

ఇక మేము అడిగేవి. ఇందులో మొదటి మూడింటికి ప్రభుత్వానికి పెద్దగా ఖర్చు లేదు.

ఒకటి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ప్రతి ఎంపీసీ క్లాసుకు ఒక పేజీ కాగితం తెలుగులో అందాలి. నాటా అంటే ఏమిటి, పేపర్-2ఏ అంటే ఏమిటి, ఏఏటీ ఎప్పుడు, దేనికి ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలి. కాలేజీలు పిల్లల తరఫున జేఈఈ ఫారం నింపితే, పేపర్-2ఏ వద్దనుకుంటున్నానని పిల్ల సంతకం తీసుకోవాలి. అడక్కుండా వదిలేయకూడదు.

రెండు. నాటా పద్ధతి మార్చదలిస్తే రెండేళ్ల ముందు ప్రకటించండి. మోడల్ పేపర్లు, మంచి మార్కులు వచ్చిన డ్రాయింగ్ షీట్ల నమూనాలు, త్రీడీ కిట్‌లో ఏమేం ఉంటాయో చూపే వీడియో ఉచితంగా పెట్టండి. తెలుగులో కూడా పెట్టండి.

మూడు. డ్రాయింగ్ షీట్ కాపీ, అంశాలవారీ మార్కులు పిల్లలకు ఇవ్వండి.

నాలుగు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో, కేజీబీవీల్లో చదివిన పిల్లలకు నాటా ఫీజు రాష్ట్రాలే కట్టాలి, కనీసం రెండు అటెంప్ట్‌లకు. ప్రశ్నపత్రం తెలుగులో రావాలి.

అయిదు. ఖాళీగా ఉన్న డ్రాయింగ్ టీచర్ పోస్టులు నింపండి. అది ఈ ఏడాది కాదంటే, ఈలోపు ఒక పని చేయొచ్చు. ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా నడిపే పాలిటెక్నిక్‌లు మనకు ఉన్నాయి. వాటిలో డ్రాయింగ్ హాళ్లు, బల్లలు, నేర్పేవాళ్లు ఉన్నారు. ఆదివారాలు ఆ హాళ్లు తాళం వేసి ఉంటాయి. ఇంటర్ పిల్లలకు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆదివారం పూట తెరవండి. నాలాంటి రిటైరైన డ్రాయింగ్ మాస్టార్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. బస్సు ఛార్జీ ఇస్తే వస్తాం, ఇవ్వకపోయినా చాలామంది వస్తారు.

ఆర్కిటెక్ట్‌లకు కూడా ఒక మనవి. మీ ఆఫీసు ఉన్న ఊళ్లో ఒక్క ప్రభుత్వ కాలేజీకి ఏడాదికి ఒక పూట వెళ్లి మీరు చేసే పని చూపించండి. ఉపన్యాసం వద్దు. ఒక ప్లాను, ఒక మోడల్ పట్టుకెళ్తే చాలు.

మేస్త్రీ రెండో కూతురు ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడాది. అక్కలా గీయదు గానీ లెక్కలు గట్టివి, అట్టముక్కలతో ఇళ్లు చేస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా అరుగు మీదికి వస్తోంది, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని. కిట్‌లో ఏముంటుందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు, కత్తెర, అట్ట, జిగురుతో నడిపిస్తున్నాను. ఈ అయిదుగురు పరీక్ష రాయబోయే ఏడాది దరఖాస్తులు మొదలయ్యేలోగా పైన అడిగిన మొదటి మూడు పనులు చేయగలరేమో చెప్పండి. చేయలేమన్నా సరే, ఎందుకో రాయండి. సంబంధిత విభాగానికి పంపామని మాత్రం రాయకండి.

ఇట్లు,
రిటైరైన ఒక డ్రాయింగ్ మాస్టారు,
విజయనగరం జిల్లా